కోపెన్‌హాగన్ పెద్ద చర్చిలో నా తబలా

2011 వేసవిలో నేను కోపెన్‌హాగన్ వెళ్ళాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. చిక్కడపల్లిలో మా ఇంటి పైనున్న రేకుల గదిలో పిల్లలకు తబలా నేర్పడం నా పని. శనివారాలు మా వీధి చివరి గుళ్ళో భజనకు వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళ రోజుల్లో గజల్ పాడేవాళ్ళ వెంట ఫంక్షన్ హాళ్ళకు వెళ్ళేవాణ్ణి. నా తబలా అంతవరకూ వరంగల్ దాటి పోలేదు.

ఆ ప్రయాణానికి కారణం ఒక పెద్దాయన. జనవరిలో ఒక సాయంత్రం ఆయన భార్యను వెంటబెట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. ఎడమచేత్తో రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, కాసేపాగి, మళ్ళీ ఇంకో మెట్టు. పిల్లలు వాయించడం ఆపేసి ఆయన వంకే చూశారు. కుడిచెయ్యి వేలాడకుండా భార్య దాన్ని చొక్కా గుండీల మధ్య దోపి పెట్టింది.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. నారాయణగూడలో ఒక చిన్న చర్చిలో ముప్ఫై ఏళ్ళు తబలా వాయించాడు. ఆవిడ బడిపంతులమ్మగా చేసింది, ఆ చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆవిడే. అందరూ టీచరమ్మ అంటారు. అంతకు ముందు దసరా రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట రెండు నెలల్లో తిరిగొచ్చింది కానీ కుడిచెయ్యి రాలేదు.

"నువ్వు ఫంక్షన్ హాల్‌ల వాయిస్తుంటే విన్న తమ్మీ," అన్నాడు కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నాక. మాట కొంచెం ముద్దగా వచ్చింది. "చెయ్యి మంచిగుంది. గని జర ఎక్కువ వాయిస్తవ్."

వేరే ఎవరన్నా అనుంటే కోపం వచ్చేది. ఆయన అన్న తీరుకు నవ్వొచ్చింది.

విషయం టీచరమ్మ చెప్పింది. రెండేళ్ళ కింద డెన్మార్క్ నుంచి కొందరు హైదరాబాద్ వచ్చి, ఒక ఆదివారం వాళ్ళ చర్చిలో కూర్చుని పాటలు విన్నారట. తెలుగు కీర్తనలు, మన రాగాల్లో కట్టినవి, తాతల కాలం నుంచి పాడుకుంటున్నవి. ఆ పాటలు మా దగ్గరికొచ్చి పాడండి అని ఇప్పుడు పిలుపు వచ్చింది. జూన్‌లో, కోపెన్‌హాగన్‌లో, ఆ ఊరి పెద్ద చర్చిలో.

"పాడేటోళ్ళు పదకొండు మంది ఉన్నరు. హార్మోనియం ఉంది," అన్నాడు పెద్దాయన. "తబలా నేను. నా చెయ్యి గిట్లయింది."

"సార్, నేనెన్నడు చర్చిల అడుగు పెట్టలె. మీ పాటలు నాకు రావు."

"నాకొస్తయి గద. నేను చెప్త, నువ్వు వాయించు."

ఆయన తన బదులు ఇంకొకణ్ణి వెతుక్కుంటూ ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చాడన్న సంగతి అప్పుడు నాకు పూర్తిగా తట్టింది. ఆలోచించి చెప్తాననబోయి, సరే సార్ అన్నాను.

మా ఆవిడ విని, ముందు అక్కడ చలి ఎంతుంటుందని అడిగింది. తర్వాత టీ వడపోస్తూ, "భజనోళ్ళకు ఏం చెప్తరు?" అంది. నేను దాటవేసిన ప్రశ్న అదే.

మా భజనకు పెద్ద ఒక బట్టల కొట్టాయన. నేను కాకా అని పిలిచేవాణ్ణి. పదేళ్ళ వయసులో నేను గుడి అరుగు మీద దరువేస్తుంటే చూసి, ఒక ఉస్తాదు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఆయనే. ఆ శనివారం భజన అయ్యాక సంగతి చెప్పాను. ఆయన తాళాలు గుడ్డలో చుట్టుకుంటూ విన్నాడు.

"ఆడ వాయించిన చెయ్యితోని మళ్ళ ఈడ వాయిస్తవా బిడ్డా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. తల వంచుకుని వచ్చేశాను. తర్వాతి శనివారం వెళ్ళలేదు. పిలవడానికి ఎవరూ రాలేదు.

ఫిబ్రవరి నుంచి వారానికి మూడు సాయంత్రాలు నారాయణగూడ నడిచి వెళ్ళేవాణ్ణి. ఫ్లైఓవర్ పక్క సందులో వాళ్ళ ఇల్లు. పెద్దాయన నాకెదురుగా మంచం మీద కూర్చుని ఎడమచేత్తో మోకాలి మీద తాళం వేస్తూ, నోటితో ధా, ధిన్ అంటూ తబలా బోల్స్ చెప్పేవాడు. ఎక్కడ గొంతు ఊపిరి పీల్చుకుంటుందో, అక్కడ తబలా ఎంత తగ్గాలో చెప్పేవాడు. ఒక్కోసారి మాట తడబడి బోల్ సరిగ్గా పలక్కపోతే, ఆ చిరాకులో కుడిచెయ్యి లేపబోయేవాడు. అది లేచేది కాదు. మేమిద్దరం గమనించనట్టే ఉండేవాళ్ళం.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. వారం మార్చి వారం బంద్. నిజానికి బంద్ రోజుల్లోనే మా రిహార్సల్ బాగా సాగేది, రోడ్డు మీద హారన్లు ఉండేవి కావు. పాడేవాళ్ళలో ఒకమ్మాయి మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతుండేది. పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చి, సాయంత్రం బొంగురు గొంతుతో వస్తే టీచరమ్మ మిరియాల కషాయం పెట్టి తాగించేది. "అటు తెలంగాణ రావాలె, ఇటు గొంతు పోవద్దు, ఎట్లమ్మా?" అనేది. ఒంటరిగా పాడే చరణాలన్నీ ఆ అమ్మాయివే.

జూన్‌లో బయల్దేరాం. పెద్దాయన వాకిలి దాకా వచ్చి, ఎడమచేత్తో నా తబలా సంచీని ఒకసారి తట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

కోపెన్‌హాగన్‌లో వాన పడుతోంది. మమ్మల్ని ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున అక్కడి చర్చివాళ్ళే ఉంచుకున్నారు. మరునాడు మధ్యాహ్నం రిహార్సల్ కోసం పెద్ద చర్చికి వెళ్ళాం. బయటినుంచి చూస్తే అది నేననుకున్న చర్చిలా లేదు. ముందు వరసగా లావుపాటి స్తంభాలు, పైన ముక్కోణపు చూరు. కోఠి ఉమెన్స్ కాలేజీ ముందున్న స్తంభాలే గుర్తొచ్చాయి. కాకపోతే వాటి తలల మీద ఆకుల చెక్కడాలుంటాయి, ఇవి సాదాగా ఉన్నాయి.

తలుపు దగ్గర అలవాటుగా బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికి నడిచాను. చర్చి చూసుకునే ఒక పెద్దావిడ వెనకాలే వచ్చి, నా బూట్లు చేతికిచ్చి, నేల చల్లగా ఉంటుందని సైగ చేసింది. సిగ్గేసింది. టీచరమ్మ మాత్రం, "ఏం గాదు, విడిస్తే విడిచినవ్. వాయించేటప్పుడు ఎట్లైనా విడుస్తవు గద," అంది.

లోపల పెద్ద పొడుగాటి హాలు. పైకప్పు గొట్టాన్ని సగానికి చీల్చి బోర్లించినట్టు గుండ్రంగా ఉంది. రెండు పక్కలా తెల్లటి పాలరాతి విగ్రహాలు, మనిషి కంటే ఎత్తుగా, ఆరూ ఆరూ పన్నెండు. ఏసు శిష్యులు. చివర, అందరికంటే ఎత్తున, చేతులు చాపి నిలబడ్డ ఏసు. ప్రొటెస్టెంట్ చర్చిల్లో విగ్రహాలుండవని ఎవరో చెప్పగా నమ్మి వచ్చినవాణ్ణి, అలా చూస్తూ నిలబడిపోయాను. నారాయణగూడ చర్చిలో ఉన్నది ఒక కొయ్య శిలువ, ఒక గోడ గడియారం, అంతే.

ఆ పెద్దావిడ నెమ్మదిగా, మాకు అర్థమయ్యే ఇంగ్లీషులో చర్చి కథ చెప్పింది. రెండు వందల ఏళ్ళ కింద ఇంగ్లీషువాళ్ళు ఈ ఊరి మీద ఫిరంగులు పేలిస్తే పాత చర్చి కాలిపోయిందట. ఇది ఆ తర్వాత కట్టింది.

"ఇంగ్లీషోళ్ళు వీళ్ళను గూడ ఇడ్సిపెట్టలేదా?" అంది అశోక్‌నగర్ అమ్మాయి తెలుగులో. అందరం నవ్వాం. ఆవిడ ఎందుకని అడిగితే టీచరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. ఆవిడా నవ్వింది.

ఏసు తల కిందికి వంచి ఉంటాడు, మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూస్తేనే ముఖం సరిగ్గా కనిపిస్తుంది అని కూడా చెప్పిందావిడ. మావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి మోకరించి చూసి వచ్చారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను వెళ్ళలేదు. వెళ్తే ఏమవుతుందని కాదు, వెళ్తే ఎవరేమనుకుంటారో అని కూడా కాదు. కాకా మాట ఒకటి కాళ్ళకు అడ్డం పడుతూనే ఉంది. తబలా శ్రుతి చేసుకునే పనుందని పక్కకు తప్పుకున్నాను. నిజంగానే పనుంది. వాన తేమకు చర్మం వదులైపోయింది. ఒకరి దగ్గర జుట్టు ఆరబెట్టుకునే మిషన్ ఉంటే తెప్పించి, వేడిగాలి పట్టి, సుత్తితో పక్కనున్న చెక్క గట్టాలు దించి, ఎట్లాగో శ్రుతికి తెచ్చాను.

మొదటి పాట ఎత్తుకున్నాం. ఎనిమిది మాత్రల కహర్వా నడక, నాకు నిద్రలో కూడా వచ్చేది. రెండో వరసకే అంతా కలగాపులగమైపోయింది. నేను కొట్టిన ప్రతి దెబ్బా పైకప్పుకు పోయి తిరిగొచ్చి తర్వాతి దెబ్బ మీద పడుతోంది. స్టీలు గిన్నెలన్నీ మెట్ల మీంచి దొర్లించినట్టుంది చప్పుడు. నా లయ నాకే వినపడదు. పాడేవాళ్ళలో కొందరు ముందుకు పోయారు, కొందరు వెనకబడ్డారు. హార్మోనియం ఆగిపోయింది. టీచరమ్మ చెయ్యెత్తింది.

మళ్ళీ మొదలుపెట్టాం. అంతే. మెల్లగా వాయించాను. తబలా మీద తువ్వాలు కప్పి వాయించాను. అప్పుడూ అంతే. రేపు జనం నిండితే మోత కొంచెం తగ్గుతుందని పెద్దావిడ ధైర్యం చెప్పింది. అంత మోత కొంచెం తగ్గితే ఏం లాభం?

నేను లేచి బయటికి వచ్చి, స్తంభాల కింద మెట్ల మీద కూర్చున్నాను. శనివారం భజన పోగొట్టుకున్నాను. ఇంత దూరం వచ్చాను. ఆ మనిషి నాలుగు నెలలు మోకాలు కమిలిపోయేలా తాళం వేసి నేర్పించాడు. చివరికి ఇదా. కాసేపటికి టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"తబలా లేకుండ పాడుర్రి టీచరమ్మా," అన్నాను.

"నిన్ను తీస్కొచ్చింది వానల కూసోబెట్టనీకా?" అని, మాకు ఇల్లిచ్చినాయన దగ్గర ఫోన్ అడిగి తెచ్చింది. అక్కడ మూడైంది, హైదరాబాద్‌లో ఆరున్నర. ఆవిడే నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

పెద్దాయనకు అంతా చెప్పాను.

"లోపటికి పో," అన్నాడు. "డగ్గా మీద ఒక్కటంటె ఒక్క దెబ్బ కొట్టు. ఫోన్ ఎత్తి పట్టుకో."

వెళ్ళి, జతలో ఎడమవైపు పెద్దదైన డగ్గా మీద ఎడమచేత్తో ఒకే ఒక దెబ్బ కొట్టి, ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. ఆ శబ్దం లేచి, విగ్రహాల వరసల మధ్యనుంచి పోయి, తలుపు దాకా వెళ్ళి, తిరిగి మెల్లగా అణిగిపోయింది. అంతసేపూ ఎవరూ కదల్లేదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఆయన ఊపిరి వినిపించింది.

"మంచిగనే ఉంది గద తమ్మీ," అన్నాడు. "అది పూర్తిగ పోయేదాక ఇంకోటి కొట్టకు."

"సార్, గట్లయితే నేను వాయించేదేముంటది?"

"పాట ఉంటది గద. కుడిచెయ్యి ఒళ్ళె పెట్టుకో. సగం తీసెయ్. ఇంకా మోగితే మళ్ళ సగం తీసెయ్."

ఆ మధ్యాహ్నమంతా పాట వెంట పాట కూర్చుని తీసేస్తూ పోయాం. నాలుగు నెలలు నేర్చుకున్నదాంట్లో చివరికి ఆవర్తానికి, అంటే తాళం ఒక చుట్టు తిరిగేసరికి, ఒక్కో దెబ్బ మిగిలింది, అదీ ఎక్కువగా ఎడమచేతిదే. టీచరమ్మ పాటల వేగం సగానికి దించింది. ఒక పాట పూర్తయ్యేదాకా పెద్దాయన ఫోన్లోనే ఉన్నాడు.

ఆదివారం సాయంత్రం ఏడింటికి అక్కడ మన నాలుగు గంటల వెలుగు. బెంచీలు చాలావరకు నిండాయి. మావాళ్ళు తెల్ల చీరలతో రెండు వరసలుగా నిలబడ్డారు. నా కోసం ఏసు విగ్రహానికి కొంచెం దిగువన ఒక చిన్న తివాచీ వేశారు. బూట్లు విప్పి, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తబలా సర్దుకుని తలెత్తాను. ముఖం కనిపించింది.

అందరూ మోకరించి చూసింది, నేను కూర్చోవడం వల్ల ఊరికే కనిపించింది. వంచిన తల, సగం మూసినట్టున్న కళ్ళు. ఆ చూపు సూటిగా నేను కూర్చున్న చోటే పడుతోంది. దేవుడనుకున్నావా, బొమ్మ అనుకున్నావా అని తర్వాత చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఈసారి నేను పక్కకు తప్పుకోలేదు.

టీచరమ్మ మొదటి వరస పాడింది. నేను ఒక దెబ్బ వేశాను. అది పోయి, తిరిగొచ్చి, అణిగేదాకా ఆగాను. అది అణిగినచోట రెండో వరస లేచింది. నారాయణగూడలో ఫ్యాను చప్పుళ్ళ మధ్య గబగబా పాడుకునే పాట ఇక్కడ ఒక్కో మాట విడివిడిగా, తాపీగా నడిచింది. అశోక్‌నగర్ అమ్మాయి చరణం ఎత్తుకున్నప్పుడు నేను ఏమీ వాయించలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాను. తబలా ముందు కూర్చుని ఒక పాటను అలా వినడం నాకు అదే మొదటిసారి.

చివరి పాటలో ఆగలేకపోయాను. ముగింపు దగ్గర కుడిచెయ్యి తనంత తానే లేచి, ఒకే ముక్కను మూడుసార్లు వాయించి ముగించే చిన్న తిహాయి మొదలుపెట్టింది. వెంటనే గిన్నెలు దొర్లాయి. గతుక్కుమని ఆపేశాను. టీచరమ్మ వెనక్కి చూడకుండా పాట పూర్తిచేసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా తప్పు వల్లే అనుకుని తల దించుకున్నాను. అప్పుడు ముందు బెంచీలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయన వెనకవాళ్ళు, ఆ తర్వాత అందరూ. అది సాయంత్ర ప్రార్థనలో భాగం కాబట్టి చప్పట్లు కొట్టరని, లేచి నిలబడటమే వాళ్ళ మర్యాదని పెద్దావిడ తర్వాత చెప్పింది. బయటికి వెళ్ళే ముందు ఆవిడ నా పక్కన నేల మీద కష్టంగా కూర్చుని, డగ్గాను ముట్టుకోవచ్చా అని అడిగింది. ఆవిడ అరచెయ్యి పట్టుకుని దాని మీద ఆనించి, నేను వేలితో మీటాను. చిన్నపిల్లలా నవ్వింది.

హైదరాబాద్‌లో దిగిన మర్నాడే నారాయణగూడ వెళ్ళాను. అశోక్‌నగర్ అమ్మాయి తన సెల్‌ఫోన్లో అక్కడి పాటలు రికార్డు చేసి ఉంచింది, దాన్ని అడిగి వెంట తీసుకెళ్ళాను. పెద్దాయన ఫోన్‌ను దిండు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నాడు. నా తిహాయి దగ్గర ముఖం చిట్లించాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు.

"ఇదంత ఎడమచెయ్యేనా?" అన్నాడు.

"దాదాపు అంతే సార్."

ఆయన తన ఎడమచేతి వంక చూసుకున్నాడు. "గింతే అయితే నేను గూడ వాయిస్త గద," అన్నాడు మెల్లగా.

టీచరమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను అటక మీదినుంచి ఆయన డగ్గా దించాను. దసరా తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము తుడిచి, ఆయన ఎడమ మోకాలి దగ్గర పెట్టాను. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పలికింది. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వానాకాలమంతా సాధన చేశాం. కుడివైపు తబలా నేను, ఎడమవైపు డగ్గా ఆయన. ఒక మనిషి రెండు చేతులతో చేసే పనిని ఇద్దరం పంచుకోవడం మాటలంత సులువు కాదు. నేను ముందుండేవాణ్ణి, ఆయన వెనక. ఆయన కోప్పడేవాడు, నేను అలిగేవాణ్ణి. టీచరమ్మ ఇద్దరికీ టీ ఇచ్చేది.

వినాయక చవితికి ముందు ఒకరోజు కాకా మా రేకుల గదికి వచ్చాడు. వచ్చిన పని చెప్పలేదు. ఫోటోలున్నాయా అని అడిగాడు. చూపించాను. విగ్రహాల ఫోటో దగ్గర ఆగాడు.

"వీళ్ళెవరు?"

"శిష్యులు కాకా. పన్నెండు మంది."

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "పన్నెండా! ఆళ్వార్లు గూడ పన్నెండు మందే," అన్నాడు. ఇంకాసేపు కూర్చుని, లేచి, మెట్ల దగ్గర నిలబడి, "శనివారం ఏడింటికి," అని దిగిపోయాడు. నేను వెళ్ళాను. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఆ క్రిస్మస్‌కు నారాయణగూడ చర్చిలో నేనూ పెద్దాయనా పక్కపక్కన కూర్చుని వాయించాం. రెండో పాటలో ఆయన ఒక దెబ్బ ఆలస్యంగా వేశాడు. నేను ఆగి అందుకున్నాను. వెనక బెంచీల్లో పిల్లలు మెడలు చాచి చూశారు, ఒక జత తబలాకు ఇద్దరు మనుషులేమిటని.

ఆయన ఇంకో రెండేళ్ళు వాయించాడు. 2013 చలికాలంలో, నిద్రలోనే పోయాడు. సమాధి రోజున ఏం వాయించమంటారని టీచరమ్మను అడిగాను. "ఇయ్యాల వద్దు తమ్మీ, నువ్వు గూడ వచ్చి కూసో," అంది. ఆవిడే పాట ఎత్తుకుంది. నేను మూడో బెంచీలో, అశోక్‌నగర్ అమ్మాయి పక్కన కూర్చుని, మాటలన్నీ వచ్చు కాబట్టి గొంతు కలిపాను.